ఎడమవైపు మచ్చలు

"ఆ నల్లబండికి ఏమన్నా అయితే మనిద్దరి పనీ పోతుందే," అంది తల్లి, తలుపుకు తాళం వేసి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూస్తూ.

అప్పటికింకా ఏమీ కాలేదు. సోమవారం పొద్దున. బస్సుకు పావుగంట టైముంది. కూతురు మెట్టు మీద కూర్చుని రబ్బరు బూట్లలోకి కాళ్ళు దూరుస్తోంది.

"ఏమవుతుందమ్మా? శుక్రవారం కడిగి, తుడిచి, తడి లేకుండా చేసి మరీ వచ్చాను. రెండ్రోజులు సెలవు. అది ఎక్కడికీ పోదు."

"కొమ్మ విరిగి పడొచ్చు. పిల్లి ఎక్కి గీకొచ్చు. ఎవడన్నా వెనక్కి తీస్తూ గుద్దెయ్యొచ్చు."

"భూకంపం మర్చిపోయావు."

తల్లి నవ్వలేదు. భూకంపం సంగతి ఆమె ఆదివారమే ఆలోచించింది.

ఆఫీసు భవనంలో ఊడ్చి తుడిచే పని తల్లిది. పదకొండేళ్ళయింది. మూడో అంతస్తులో టీ కాచే చిన్నగది కూడా ఆమె చూసుకుంటుంది. కింద కార్లు కడిగే పని మూడు నెలల క్రితం ఖాళీ అయితే, మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడి కూతురికి ఇప్పించుకుంది. నల్లబండి పెద్దసారుది. కొని నెల కూడా కాలేదు. ఆయన గురువారం ఊరెళ్తూ, గడ్డి లాను పక్కన, కార్లు నిలిపే మొదటి గడిలో దాన్ని పెట్టి తాళాలు మేనేజరుకిచ్చారు. బుధవారం తిరిగొస్తారు. నలుపు రంగు బండి అంటేనే తల్లికి భయం. తెల్లబండి మీద దుమ్ము కనపడదు, నలుపు మీద ఊపిరి తగిలినా కనపడుతుంది.

వాచ్‌మన్ రోజూ కూతుర్ని చూడగానే "నురగమ్మ వేంచేసింది, దారివ్వండి" అంటాడు. అవతల ఎవరూ లేకపోయినా అంటాడు. ఆవేళ అనలేదు. గేటు తీసి, గడ్డంతో కార్ల వైపు చూపించి ఊరుకున్నాడు.

నల్లబండి ఎడమవైపంతా మచ్చలు. ముందు తలుపు, వెనక తలుపు, బానెట్ మీద ఎడమ సగం, అద్దం మూల. ఒక్కొక్కటీ గోరంత. అంచు తెల్లగా గట్టిగా, మధ్యలో పలచగా, సున్నం చిలకరించి ఎవరో వెళ్ళిపోయినట్టున్నాయి. తల్లి చేతిలోని టిఫిను డబ్బా నేలమీద పెట్టి పైట చెంగుతో తుడవబోతే కూతురు చెయ్యి పట్టుకుంది.

"ఎండు గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఆగు."

ఆ పిల్ల వేలు తడిచేసి ఒక మచ్చ మీద పెట్టింది. తడిగా ఉన్నంతసేపూ మచ్చ కనపడలేదు. తల్లికి ప్రాణం లేచొచ్చింది. తడి ఆరగానే మచ్చ ఎక్కడిదక్కడ తేలింది. కూతురు వేలి కొసతో దాని అంచు తడిమి చూసింది. గరుకుగా ఉంది.

"ఇది నేను పోసిన నీళ్ళ మచ్చ కాదమ్మా. నేను కడిగేది ట్యాంకు నీళ్ళతో. పైగా చుక్క మిగలకుండా తుడుస్తాను. ఇవి బోరు నీళ్ళు. ఎండకి నీళ్ళు పోయాయి, సున్నం మిగిలింది. ఇటు చూడు."

ముందు చక్రం దగ్గర కిందగా మొదలైన మచ్చలు, తలుపు మీదికి వచ్చేసరికి పైకెక్కి, వెనక తలుపు చివర మళ్ళీ కిందికి దిగాయి. వంచిన విల్లు లాగా. కూతురు ఆ వంపు వెంట వేలు గాల్లో పోనిచ్చింది. తర్వాత తల్లిని బండి చుట్టూ తిప్పి కుడివైపుకు తీసుకెళ్ళింది. కుడివైపు ఒక్క మచ్చ లేదు. నల్లటి అద్దంలో తల్లి మొహం తల్లికే కనపడింది, భయపడుతూ.

లానులో, బండికి ఆరడుగుల దూరంలో, ఇనప కమ్మీ మీద కొత్త స్ప్రింక్లర్ ఉంది. కిందటి వారమే బిగించారు. నీళ్ళు వదిలితే గిర్రున తిరుగుతూ గడ్డంతా తడుపుతుంది.

"గడ్డితో పాటు బండినీ తడిపింది," అంది కూతురు. "శుక్రవారం నేను బయల్దేరేటప్పుడే తోటమాలి తాతకి చెప్పాను, కాస్త అటు తిప్పమని."

మేనేజరు అప్పుడే వచ్చాడు. బండిని చూశాడు, కూతుర్ని చూశాడు. ఇంకా ఏమీ అడగలేదు. తల్లి రెండడుగులు ముందుకొచ్చి, "తప్పైంది సార్. చిన్నపిల్ల, ఈసారికి వదిలెయ్యండి," అంది.

ఆ మాట ఆమె నోటి చివర ఎప్పుడూ ఉండేదే. మెట్ల మీద ఎవరన్నా కాలు జారితే, లిఫ్టు ఆగిపోతే, టీలో చక్కెర తక్కువయితే, ఎవరూ ఏమీ అనకముందే ఆమె ఆ మాట అనేసేది. అనేస్తే అవతలివాళ్ళ కోపం సగం చల్లారేది. మిగతా సగం ఆమె తలొంచుకుని పడేది.

కూతురు తల్లి వైపు చూసింది. "నువ్వెందుకు తప్పైందంటున్నావు? నువ్వేం చేశావు, నేనేం చేశాను?"

మేనేజరు ఇక ఎవరి మాటా వినలేదు. కడిగి, తుడవకుండా ఇంటికి పరిగెత్తావు, అందుకే ఇలా అయింది, మీ అమ్మే ఒప్పుకుంటోంది కదా అన్నాడు. కూతురు వంపు చూపించింది, కుడివైపు చూపించింది, స్ప్రింక్లర్ చూపించింది. చూపించిన ప్రతిసారీ ఆయన వాచీ చూసుకున్నాడు. చివరికి కూతురు లాను వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"తాతా, శుక్రవారం నీకు చెప్పానా లేదా?"

తోటమాలి గులాబీ మొక్క మొదట్లో వంగి కలుపు తీస్తున్నాడు. అరవై దాటిన మనిషి, అక్కడ అందరికంటే పాతవాడు. తల ఎత్తలేదు. నాకేం తెలుసమ్మా, మొక్కల మనిషిని అని గొణిగి, ఆ మొక్క వదిలి అవతలి మొక్క దగ్గరికి జరిగాడు. ఆ మొక్క దగ్గర కలుపు లేదు.

పెద్దసారు వచ్చే లోపల ఒక కాగితం కావాలన్నాడు మేనేజరు. నా అజాగ్రత్త వల్లే బండి పాడైందని రాసి సంతకం పెడితే, ఆయనకు నచ్చజెప్పి పని నిలబెడతాడట. పెట్టకపోతే బుధవారం నుంచి రానక్కర్లేదు.

"పెట్టను," అంది కూతురు. "బుధవారం పెద్దసారుకే ఈ మచ్చలు చూపిస్తాను. చూసేవాళ్ళకి కళ్ళుంటే చాలు."

సాయంత్రం బస్సులో సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని ఊగుతూ కూతురు అదే చెప్పింది: ఆ కాగితం ఒక్కసారి ఫైల్లోకి పోతే ఇంకే ఆఫీసులోనూ తనని బండి ముట్టుకోనివ్వరు, ఎవరు ఫోను చేసి అడిగినా మేనేజరు అదే చదివి వినిపిస్తాడు. ఇప్పుడు తన వైపు ఉన్నవి మచ్చలొక్కటే.

"బుధవారం దాకా నువ్వు గానీ ఇంకెవరు గానీ ఆ బండి మీద చెయ్యి వెయ్యకూడదు. విన్నావా అమ్మా?"

విన్నానంది తల్లి. కానీ ఆమెకు వినపడింది వేరు. పెద్దసారు వస్తారు, అంత ఖరీదైన బండి మీద మచ్చలు చూస్తారు, ఆయన మొహం ఎర్రబడుతుంది, పిల్ల నోరు ఊరుకోదు, వేలు చూపించి మాట్లాడుతుంది, పోలీసుల్ని పిలుస్తారు. ఇంటి దగ్గర బస్సు దిగేసరికి ఆమె మనసులో కూతుర్ని జీపు ఎక్కించేశారు కూడా.

మంగళవారం మూడో అంతస్తు చిన్నగదిలో తల్లి టీ కెటిల్ కడుగుతోంది. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టింది. వారానికోసారి కడుతుంది. గీకితే పోదు. కాస్త వెనిగర్ పోసి పది నిమిషాలు వదిలేస్తే బుసబుసా పొంగి, అదే ఊడి నీళ్ళలో తేలుతుంది. ఆమె పెచ్చు ఊడటం చూస్తూ నిలబడింది. అదే తెలుపు, అదే గరుకు. చేతిలో సీసా, సీసాలో ఇంకా ముప్పావు వెనిగర్.

మచ్చలే లేకపోతే గొడవెక్కడిది? పెద్దసారుకి చూపించడానికి ఏమీ ఉండదు, అరవడానికి ఏమీ ఉండదు, మేనేజరుకి కాగితంతో పని ఉండదు. ఇంత చిన్న సంగతి పిల్లకి ఎందుకు తట్టలేదో అనుకుంది.

నాలుగింటికి ఎండ భవనం వెనక్కి పోయి, మొదటి గడి మీద నీడ పడింది. కూతురు వెనక షెడ్డులో మిగతా కార్ల దగ్గర ఉంది. తల్లి చిన్న గిన్నెలో సగం వెనిగర్, సగం తాగే నీళ్ళు కలిపింది. బోరు నీళ్ళు ముట్టుకోలేదు. ఆమాత్రం ఆమెకు తెలిసింది. ముందు అరచెయ్యి పెట్టి తలుపు రేకు వేడిగా ఉందేమో చూసింది. చల్లగానే ఉంది. మెత్తటి గుడ్డ గిన్నెలో ముంచి, పిండి, మచ్చల మీద పరిచింది. రుద్దలేదు. జ్వరం వచ్చినవాళ్ళ నుదుటి మీద వేసినట్టు వేసి, మనసులో వంద లెక్కపెట్టి, తీసింది. సగం మచ్చలు పోయాయి. మళ్ళీ పరిచింది. మళ్ళీ వంద. తర్వాత మంచినీళ్ళు పోసి వెనిగర్ వాసన పోయేదాకా కడిగింది, ఇంకో పొడిగుడ్డతో అద్దింది. ముందు తలుపు, వెనక తలుపు, అద్దం మూల, ఆఖరున బానెట్. బానెట్ మీద మూడు మచ్చలు మొండికేశాయి. వాటికి గుడ్డ ముక్క చించి, ఒక్కోదానికి విడిగా పట్టీ వేసింది. మోకాళ్ళు నొప్పెట్టాయి. గంట పట్టింది.

అయ్యాక వెనక్కి జరిగి తల పక్కకు వంచి చూసింది. నల్లటి తలుపులో ఆకాశం, ఆకాశంలో ఒక కాకి. ఒక్క మచ్చ లేదు. పదకొండేళ్ళలో తను చేసిన పనుల్లో ఇంత శుభ్రమైనది ఇంకోటి లేదనిపించింది.

కూతురు బకెట్టుతో వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆగింది.

"చూడు," అంది తల్లి. "ఒక్కటన్నా ఉందేమో వెతుక్కో."

కూతురు బకెట్టు కింద పెట్టింది. బండి పక్కన గొంతుక్కూర్చుని తలుపు వెంట చూపు పోనిచ్చింది, ముందు నుంచి వెనక దాకా, మళ్ళీ వెనక నుంచి ముందు దాకా. వేలు పెట్టి తడమబోయి ఆగిపోయింది.

"అన్నీనా?" అంది.

"అన్నీ."

ఆ పిల్ల లేచింది. బకెట్టు తీసుకుని కాలవ దగ్గరికెళ్ళి నీళ్ళు పారబోసింది. వెనక్కి తిరిగి రాలేదు. ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు.

ఐదున్నరకి మేనేజరు తల్లిని గదిలోకి పిలిచాడు. కిటికీలోంచి అంతా చూశాడట. ఆయన గొంతు మెత్తగా ఉంది, అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది. తప్పు చెయ్యనివాళ్ళు దొంగచాటుగా ఎందుకు తుడుస్తారు, నువ్వే చెప్పు అన్నాడు. ఆ మచ్చలు ఏ మందుతో పోతాయో నీకు తెలుసంటే, అవి ఎలా పడ్డాయో కూడా తెలిసినట్టే కదా అన్నాడు. కెటిల్ గురించి చెప్పబోయింది గానీ, కెటిల్ మధ్యలోకి ఎలా వచ్చిందో మొదట్నుంచి చెప్పాలి. తప్పైంది సార్ అంది.

కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. ఆయన గబగబా చదివాడు. అజాగ్రత్త అన్న మాట రెండుసార్లు వినపడింది, మిగతాది వినపడలేదు. నువ్వు తల్లివి, నువ్వు పెట్టినా చాలు, పిల్ల పని పిల్లకుంటుంది, పెద్దసారు దాకా పోనే పోదు అన్నాడు. ఐదో తరగతిలో నేర్చుకున్న అక్షరాలు. ఒక్కొక్కటే గుండ్రంగా, గీత తప్పకుండా రాసింది. ఆయన అంతసేపూ వేళ్ళతో బల్ల మీద దరువేస్తూ కూర్చున్నాడు.

బస్సులో ఆ సంగతి కూతురికి చెప్పింది. నీ పని నిలబడిందని చెప్పింది. కూతురు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికెళ్ళాక తన పళ్ళెం తనే పెట్టుకుంది, తనే కడుక్కుంది. కూర బాగుందా అంటే పలకలేదు. ఫ్యాను వెయ్యనా అంటే లేచి వెళ్ళి తనే వేసుకుంది. తల్లి గంటకోసారి ఏదో ఒకటి అడిగి చూసింది. తిట్టినా బాగుండుననుకుంది. తిడితే తప్పైందనొచ్చు.

బుధవారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ తల్లిని లోపలికి పోనిచ్చి, కూతురికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పని చెయ్యడం అతనికీ ఇష్టంలేనట్టే ఉంది, చూపు పక్కకు తిప్పుకున్నాడు. గోడ మీద అంటించిన పేర్ల పట్టీలో కూతురి పేరు మీద ఎర్ర గీత ఉంది.

"నిన్న సాయంత్రమే కొట్టేశారక్కా. రాసిచ్చేశారట కదా. సంతకం నువ్వే పెట్టావంటగా."

తల్లి కూతురి మొహం చూడలేకపోయింది. గబగబా మెట్లెక్కి మేనేజరు గదికెళ్ళింది. పని ఉంటుందన్నారు కదా సార్ అంది. ఆయన కాగితాలు సర్దుకుంటూ, అజాగ్రత్త మనిషినని రాసిచ్చినవాళ్ళని ఎవరన్నా ఎలా పెట్టుకుంటారు, నువ్వే ఆలోచించు అన్నాడు. నీ పని మాత్రం తియ్యలేదు, అందుకు సంతోషించు అన్నాడు. తర్వాత, మాట మార్చినట్టు కూడా కాకుండా అదే గొంతుతో, మూడింటికి పెద్దసారు వస్తారు, అప్పటిదాకా గుడ్డ పట్టుకుని బండి దగ్గరే నిలబడు, నలక పడినా తుడువు అన్నాడు.

ఆమె నోట్లోకి అలవాటు మాట రాబోయింది. వచ్చి, పళ్ళ వెనక ఆగింది. దేనికి తప్పైందనాలో ఆమెకు తెలియలేదు. తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. మెట్లు గబగబా దిగింది. భయం వల్ల అనుకుంది ముందు. రెండో అంతస్తు దాటాక భయం కాదని తెలిసింది. భయం వేస్తే ఆమె చేతులు చల్లబడతాయి. ఇప్పుడు చేతులు కాలుతున్నాయి.

గేటు అవతల, రోడ్డు పక్క పిట్టగోడ మీద కూతురు కూర్చుని ఉంది. ఇంటికి వెళ్ళలేదు. రబ్బరు బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది. ఆ పిల్ల చూపు బండి మీదే ఉంది.

తల్లి గుడ్డ పట్టుకుని బండి పక్కన నిలబడింది. పది అయింది, పదకొండయింది. ఎవరెవరో వచ్చారు, పోయారు. ఒకాయన బండిని చూసి అద్దంలా ఉందన్నాడు. పన్నెండున్నరకి నీడ పోయి ఎండ నెత్తికెక్కింది. రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. వాచ్‌మన్ కుర్చీ తెచ్చివ్వబోతే వద్దంది. నాలుగు మచ్చల కోసం పిల్ల పేరు మీద ఎర్ర గీత. ఆ మచ్చలు పిల్ల పక్షాన మాట్లాడేవి, వాటి నోరు తనే మూసింది. తను చేసిన ప్రతి మంచి పనీ అవతలివాడి చేతిలో కర్ర అయింది. పదకొండేళ్ళుగా ఇంతేనేమో. ఇలాంటి మచ్చలు ఎన్ని తను తప్పైందంటూ తుడిచేసిందో, తుడిచేసినందుకు ఎవరెవరు తప్పించుకున్నారో. లిఫ్టు బాగుచెయ్యనివాడు తప్పించుకున్నాడు. మెట్ల మీద పలక విరిగితే మార్చనివాడు తప్పించుకున్నాడు. ఇన్నాళ్ళూ తను నేలే తుడుస్తున్నాననుకుంది.

సరిగ్గా రెండింటికి తోటమాలి గోడ పక్కకెళ్ళి కుళాయి తిప్పాడు. స్ప్రింక్లర్ ఒకసారి దగ్గి, తిరగడం మొదలుపెట్టింది. నీళ్ళు గడ్డి మీద పడ్డాయి, గులాబీల మీద పడ్డాయి, చుట్టు తిరిగి వచ్చి బండి ఎడమవైపు తాకాయి. టపటపమని. ముందు చక్రం, తలుపు మీదుగా పైకి, వెనక తలుపు కిందికి. తల్లి చీర కుచ్చిళ్ళు తడిశాయి. ఆమె కదల్లేదు.

చెయ్యి దానంతటదే లేచింది. గుడ్డ తలుపు దాకా వెళ్ళింది. పదకొండేళ్ళ చెయ్యి, నీటి చుక్క కనపడితే ఆగదు. ఎడంచేత్తో ఆ చేతి మణికట్టు పట్టుకుని కిందికి దించింది. గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. ఆ మడత మళ్ళీ మడిచి గుప్పిట్లో బిగించింది.

చుక్కలు వేడి రేకు మీద వణికాయి. చూస్తుండగానే చిన్నవయ్యాయి. అంచుల్లో ముందు మసక వచ్చింది, తర్వాత తెలుపు వచ్చింది, నీళ్ళు మధ్యకు కుంచించుకుని మాయమయ్యాయి. ఇంకో చుట్టు వచ్చింది, ఆ తెలుపు మీదే మళ్ళీ పడింది. అరగంటలో వంపు మొత్తం తేలింది. గేటు అవతల కూతురు లేచి నిలబడటం ఆమెకు కనపడింది. తోటమాలికీ కనపడింది. అతను కుళాయి దగ్గర చేతులు నడుము వెనక కట్టుకుని నిలబడి, బండినీ, దాని పక్కన తడుస్తూ తుడవకుండా నిలబడ్డ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

పెద్దసారు టాక్సీలో పావుగంట ముందే వచ్చారు. మేనేజరు మెట్లు రెండేసి దిగి, తాళాలు చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు. బండి చూశాక అతని నడక మారింది. పెద్దసారు పెట్టె కింద పెట్టి, తలుపు మీద వంగారు. ఏంటిది అన్నారు.

కార్లు కడిగే అమ్మాయి నిర్లక్ష్యం సార్ అన్నాడు మేనేజరు వెంటనే. తీసేశాం, తప్పు ఒప్పుకుంటూ రాసి కూడా ఇచ్చారు, కాగితం పైన ఉంది అన్నాడు. అని, తల్లి వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. ఇక్కడ ఆ మాట నువ్వు అనాలి అనే చూపు.

"ఆ కాగితం మీద సంతకం నాది సార్," అంది తల్లి. "నా కూతురిది కాదు. పని ఉంటుందంటే పెట్టాను. అందులో రాసింది అబద్ధం. ఈ మచ్చలు ఈరోజు పడ్డాయి, నా కళ్ళముందు పడ్డాయి. పొద్దుటి నుంచీ నా పిల్లని గేటు లోపలికి రానివ్వలేదు. అదుగో, అక్కడుంది."

పెద్దసారు గేటు వైపు చూశారు. వాచ్‌మన్, ఎవరూ అడగకుండానే, అవునన్నట్టు తలూపాడు.

"మరి నువ్విక్కడ ఎందుకున్నావు? తుడవొచ్చు కదా?"

"నిన్న తుడిచానండి. సోమవారం ఇలాంటివే ఉంటే అన్నీ తుడిచేశాను. తుడిచానని మా పిల్లని దొంగని చేశారు. ఇవాళ తుడవలేదు."

స్ప్రింక్లర్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఒక చుట్టు వచ్చి తలుపు మీద పడింది, పెద్దసారు చొక్కా చెయ్యి మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి. ఆయన విసుగ్గా వెనక్కి జరిగారు. ఆయన మొహంలో న్యాయం అన్యాయం అన్న ఆలోచనేమీ లేదు. బండి పాడైంది, చొక్కా తడిసింది, అంతే.

"ఎండలో ఈ నీళ్ళు ఎవరు వదలమన్నారు?"

మేనేజరు ఫోను తీసి చూసుకున్నాడు. ఫోను మోగలేదు. నీళ్ళు తోటమాలి చూసుకుంటాడు సార్, నాకు సంబంధం లేదు అన్నాడు.

అందరూ తోటమాలి వైపు తిరిగారు. అతను తల దించుకున్నాడు. ఆ తల ఎలా వంగిందో, మెడ ఎక్కడ విరిగినట్టు వాలిందో, తల్లికి చూడకుండానే తెలుసు. నోట్లో ఏ మాట నానుతోందో కూడా తెలుసు. ఆ మాట అనేస్తే సరిపోతుంది, ముసలాడికి నాలుగు తిట్లు పడతాయి, అందరూ ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఇలాంటప్పుడు ఎప్పుడూ ఆమే ముందు అనేది. ఆ ఖాళీ ఆమెకు భరించరానిది, ఏదో ఒకటి అనేసి పూడ్చేసేది.

ఈసారి ఆమె ఏమీ అనలేదు. బతిమాలలేదు, చెప్పన్నా అనలేదు, కళ్ళతో కూడా అడగలేదు. గుడ్డ గుప్పిట్లో పెట్టుకుని నిలబడింది. నీళ్ళు ఒక చుట్టు తిరిగాయి. ఇంకో చుట్టు తిరిగాయి. పెద్దసారు వాచీ చూసుకున్నారు. మేనేజరు ఏదో అనబోయాడు, తల్లి చూపు తన మీద ఉండటం చూసి ఆగిపోయాడు. గేటు ఊచలు పట్టుకుని కూతురు నిలబడి ఉంది, చెప్పుల్లేకుండా, కాలే నేల మీద. మూడో చుట్టు తిరిగింది.

తోటమాలి వంగి కుళాయి కట్టేశాడు. నీళ్ళు ఆగాయి. తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నేను పొద్దున్నే వదిలేవాణ్ణి బాబూ," అన్నాడు. "వచ్చేవాళ్ళ బూట్లు తడుస్తున్నాయి, రెండింటికి వదలమని మేనేజరుగారు చెప్పారు. ఆ పిల్ల శుక్రవారం నా దగ్గరికొచ్చి, బండి మీద పడుతోంది తాతా, మచ్చలు కడతాయి అంది. నేను ఈయన దగ్గరికెళ్ళి చెప్పాను." అతను తలెత్తాడు. చూసింది పెద్దసారు వైపు కాదు, మేనేజరు వైపు కాదు. గేటు వైపు చూశాడు. "పడితే పడనీ, తుడవడానికి ఆ పిల్లుందిగా అన్నారు."